మెషీన్ ముఖాన గంధం బొట్టు

గవర్రాజు బొట్టు పెట్టని యంత్రం మీద చెయ్యి వెయ్యడు. ఏదో మాటవరసకు అంటున్నాననుకునేరు, కాదు. ఇంట్లో మిక్సీకి బొట్టుంటుంది. బస్సెక్కితే డ్రైవరు ముందు అద్దానికి బొట్టుందో లేదో చూసుకుని మరీ కూర్చుంటాడు. భార్య సూర్యకళ ముచ్చటపడి కొత్త సెల్‌ఫోన్ కొనుక్కుంటే, దాని వెనకవైపు కూడా ఓ కుంకుమ చుక్క పెట్టి ఇచ్చాడు. "ఫొటోలన్నీ ఎర్రగా వొస్తన్నాయేటి మావా?" అని ఆవిడ వారం రోజులు కంగారుపడి, చివరికి కెమెరా కన్ను మీదున్న చుక్క తుడిచి, మొగుణ్ణి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆ రోజే బుద్ధి తెచ్చుకుని ఉంటే ఈ కథే లేదు. తెచ్చుకోలేదు.

ఈ పట్టింపు ఆయనకు విశాఖ ఆటోనగర్‌లో అబ్బింది. చోడవరం దగ్గర పల్లెలో చెరుకు పొలం పని మానేసి, పద్దెనిమిదో ఏట కామరాజు మేస్త్రి లేత్ షెడ్డులో చేరాడు. మేస్త్రి ప్రతి శుక్రవారం పొద్దున్నే సింహాద్రి అప్పన్న గంధం ఇంత తడిపి, వరసాగ్గా ప్రతి యంత్రానికీ బొట్టు పెట్టేవాడు. ఎక్కడపడితే అక్కడ కాదు. లేత్‌కి ఓ చోట, డ్రిల్లింగ్ మెషీన్‌కి ఓ చోట, గ్రైండర్‌కి మరో చోట. "మెషీన్‌కి మొకం ఏడుందో ఎరిగినోడే మేస్త్రీరా. ఎరగనోడు ఉత్త కూలోడు," అనేవాడు. గవర్రాజు ముప్పై ఏళ్ళు ఆ మాట మీదే బతికాడు. మేస్త్రి పోయాక కూడా ఏ కొత్త యంత్రం కనబడినా ముందు దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ముఖం ఎటుందో తేల్చుకున్నాకే పానా అందుకునేవాడు.

యాభై దాటాక మోకాళ్ళు మొండికేశాయి. రోజంతా లేత్ ముందు నిలబడలేక, ఊరి ఉత్తరాన కొండవాలులో ఉన్న ఒక పరిశోధన సంస్థలో మెకానిక్‌గా చేరాడు. ఏడాదికో కాంట్రాక్టు. కుర్చీలో కూర్చుని చేసుకునే పని, కిటికీ తీస్తే సముద్రం, నాలుగింటికి టీ. అబ్బో, గవర్రాజుకి గుమ్మం ముందున్న ఎనిమిది మెట్లు ఎక్కితే స్వర్గం వచ్చేసినట్టుంది.

ఆ సంస్థలోనే హిమబిందు పరిశోధన చేస్తోంది. వాళ్ళ నాన్న స్టీల్ ప్లాంట్ ఉద్యోగం కోసం గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పిల్ల పుట్టి పెరిగిందంతా ఉక్కునగరంలోనే అయినా మాటలో ఆ 'అండీ'లు పోలేదు. ఆమె చేసే పని చెబితే వినడానికి తమాషాగా ఉంటుంది. కొత్తరకం ఫోన్ టవర్లలో, కార్ల రాడార్లలో వాడే మిల్లీమీటర్ తరంగాలని ఉంటాయి. వాటిని డిష్షు అనే చదునైన చిన్న గిన్నెలో పెంచిన చర్మకణాల మీద వేసి, ఆ కణాలకు ఏమవుతుందో, అసలు ఏమన్నా అవుతుందో లేదో చూడాలి.

"అంటే టవర్ల గొడవ నువ్వే తేల్చీత్తావన్నమాట," అన్నాడు గవర్రాజు, ఆమెను చూసిన మొదటిరోజే.

"తేల్చడం తర్వాత సంగతి బాబాయ్. ముందు కణం మీద ఎంత పడిందో కొలవాలండి. పంచదార ఎన్ని చెంచాలు వేశామో తెలియకుండా టీ తీపి గురించి పోట్లాడుకుంటే ఏం లాభం చెప్పండి?"

ఆ 'బాబాయ్'తో గవర్రాజు పడిపోయాడు. కూతురు లేని మనిషి. ఆ రోజు నుంచి బిందు యంత్రం ఆయన యంత్రమే అయింది.

ఆ యంత్రానికి స్టాండు చేసింది కూడా ఆయనే. ఒక ఇత్తడి బాకాను మూతి పైకి పెట్టి నిలబెట్టారు. తరంగాలు ఆ మూతిలోంచే పైకొస్తాయి. మూతికి తెల్లటి ప్లాస్టిక్ మూత. దానికి కాస్త పైన సన్నని తెల్లపలక, పలక మీద డిష్షు, డిష్షు అడుగున కణాలు. బాకాకీ డిష్షుకీ మధ్య దూరం వెంట్రుకవాసి మారినా లెక్క తప్పుతుంది. వెంట్రుకవాసి అనే మాట గవర్రాజుకి కొత్తేమీ కాదు. మూడు రోజులు కూర్చుని, కొలిచి, గీకి, మళ్ళీ కొలిచి, ఎవరూ వంక పెట్టలేని స్టాండు చేసి ఇచ్చాడు. ప్రతి శుక్రవారం పొద్దున్నే బిందు రాకముందే పలక విప్పి, దుమ్ము తుడిచి, దూరం సరిచూసి బిగించడం ఆయన బాధ్యత.

బిందు ఆయనకు ఒకే ఒక్క జాగ్రత్త చెప్పింది.

"ఈ తరంగాలకి నీళ్ళంటే ప్రాణం బాబాయ్. దారిలో ఒక్క తడిచుక్క ఉన్నా సగానికి సగం దాంట్లోనే ఆగిపోతాయి. కణాల దాకా రానే రావు. అందుకని డిష్షు అడుగు ఎప్పుడూ పొడిగా ఉండాలండి."

"నాను సూసుకుంతాను గదా తల్లీ," అన్నాడు గవర్రాజు. అన్నట్టే చూసుకున్నాడు. విశాఖ గాలి సంగతి తెలుసుగా, గోడలకు కూడా చెమట పడుతుంది. డిష్షు పెట్టే ముందు పొడిగుడ్డతో దాని అడుగు తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ తుడిచేవాడు. అంత శ్రద్ధ.

యంత్రం బిగించిన కొద్దిరోజులకే దసరా వచ్చింది. ఆయుధపూజ రోజు గవర్రాజు ల్యాబులో చేసిన హంగామా ఇప్పటికీ చెప్పుకుంటారు. కణాలు పెంచే ఇంక్యుబేటర్‌కి పసుపు, కంప్యూటర్‌కి బంతిపూల దండ. నిమ్మకాయ తొక్కించడానికి మైక్రోస్కోప్‌కి చక్రాలు లేవని, దాని ముందున్న కుర్చీ చేత తొక్కించాడు. మర్నాడు ఆచార్యులు దేవీప్రసాద్ గారు వచ్చి చూస్తే, కణాలు పెంచే గదిలో గుమ్మడి గింజలు! ఆ ల్యాబుకి పెద్ద ఆయనే, బిందుకి గురువూ ఆయనే. మామూలుగా గొంతెత్తని మనిషి ఆ రోజు కారిడారంతా వినబడేలా అరిచారు.

"గవర్రాజూ! ఈ గదిలో పసుపు, కుంకుమ, గంధం, పువ్వు ఏదీ కనబడకూడదు. ఇది కణాల గది. అర్థమైందా?"

"అయిపోనాది సార్," అన్నాడు గవర్రాజు.

అర్థం అయిన మాట నిజమే. కనబడకూడదన్నారు. కనబడకుండా పెడితే ఏమీ అనలేదు కదా! ఆ తర్వాతి శుక్రవారం పలక విప్పినప్పుడు యంత్రం చుట్టూ తన అలవాటు ప్రదక్షిణం చేసి, దీని ముఖం ఎక్కడా అని ఆలోచించాడు. ఇంతోటిదానికి ఆలోచనెందుకు? మాట బయటికొచ్చేది మూతిలోంచి. మూతి ఉన్నచోటే ముఖం. కాగితం పొట్లంలోంచి అప్పన్న చందనం తీసి, అరచేతిలో నాలుగు నీటిచుక్కలు వేసి మెదిపి, బాకా మూత నట్టనడుమ బొటనవేలితో నిండుగా ఒక బొట్టు పెట్టాడు. పైన తెల్లపలక బిగించేశాడు. ఇక ఎవరికీ కనబడదు. కామరాజు మేస్త్రిని తలుచుకుని దండం పెట్టుకుని, మనసు చల్లబడి, టీ తాగడానికి వెళ్ళాడు. ఆ పై ప్రతి శుక్రవారం పాత బొట్టు తుడవడం, కొత్తది పెట్టడం. ఇంట్లో సూర్యకళకి కూడా చెప్పలేదు.

అసలు ప్రయోగానికి ముందు, కణాల మీద ఎంత పడుతోందో బిందు సోమ, బుధ, శుక్రవారాల్లో కొలిచేది. తరంగాల బలం నేరుగా కొలిచే పరికరం పక్క విభాగం వాళ్ళది. అది సోమవారాలు మాత్రమే దొరుకుతుంది. మిగతా రోజుల్లో ఆధారమల్లా డిష్షులో ముంచిన వెంట్రుకంత గాజుతీగే. తరంగాలు పడుతుంటే కణాల చుట్టూ ఉన్న ద్రవం ఎంత వేడెక్కిందో అది చెబుతుంది. సోమవారం ఒక డిగ్రీలో పదింట ఆరు వంతులు. బుధవారమూ అంతే. శుక్రవారం మాత్రం పదింట రెండు వంతులు.

మొదటివారం బిందు తనదే పొరపాటనుకుంది. రెండోవారం గాజుతీగ మార్చింది. మూడోవారం ఏసీ గాలి అటు తగులుతోందేమోనని అట్టలు అడ్డం పెట్టింది. నాలుగోవారం కరెంటు వోల్టేజీ గంటగంటకీ రాసుకుంది. మూడో నెల వచ్చినా, ఏం చేసినా శుక్రవారం శుక్రవారమే.

"ఈ మెషీన్‌కి శుక్రవారం అంటే ఏంటి బాబాయ్ అంత పట్టింపు? ఉపవాసం గానీ ఉంటోందా?" అంది ఒకరోజు, విసుగులో నవ్వొచ్చి.

గవర్రాజు నవ్వలేదు. లోలోపల ఒళ్ళు పులకరించింది. ఆయనకు అర్థమైపోయింది మరి! శుక్రవారం బొట్టు పెడుతున్నాడు. శుక్రవారమే కణాలకు వేడి తగలడం లేదు. అప్పన్న స్వామి ఆ కణాలను కాపాడుతున్నాడన్నమాట. చందనం ఉన్నది చల్లబరచడానికే గదా! పాపం, ఆ కణాలు మాత్రం ప్రాణం లేనివా? ఒక్క శుక్రవారమే ఎందుకు, బుధవారం కూడా కాపాడితే స్వామి సొమ్మేం పోయింది?

మరుసటి వారం బుధవారం కూడా పెందలాడే వచ్చి బొట్టు పెట్టాడు. కాస్త పెద్దదే పెట్టాడు. బుధవారం లెక్క కూడా పడిపోయింది. గవర్రాజు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అదేం చోద్యమో గానీ, అక్కడ ఆనందంగా ఉన్నది ఆయనొక్కడే.

ఎందుకంటే ఆ సాయంత్రం దేవీప్రసాద్ గారు మూడు నెలల కాగితాలు ముందేసుకుని తల పట్టుకున్నారు. అప్పటికి జనవరి వచ్చింది.

"శుక్రవారం తప్పే యంత్రం, ఇప్పుడు బుధవారం కూడా తప్పుతోంది. అంటే తరంగాలు పుట్టించే భాగం పాడవుతోందన్నమాట. బెంగళూరు కంపెనీకి పంపుదాం. వచ్చే సోమవారం వ్యాన్ పిలిపిస్తాను."

"ఎన్నాళ్ళు పడుతుంది సార్?" అంది బిందు.

"నాలుగు నెలలంటున్నారు."

బిందుకి పరిశోధన కోసం ఇచ్చే ఫెలోషిప్ మార్చితో సరి. యంత్రం మేలో వస్తుంది. గవర్రాజు టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"గవర్రాజూ, ఆ యంత్రం దెబ్బ తగలకుండా వెళ్ళాలి. మంచి చెక్కపెట్టె ఒకటి చెయ్యి," అన్నారు ఆచార్యులు.

మర్నాడు గవర్రాజు వరండాలో ప్లైవుడ్ కోస్తుంటే, బిందు భోజనం క్యారేజీ తెచ్చుకుని పక్కనే మెట్టు మీద కూర్చుంది. మూత తీసింది గానీ ముద్ద ఎత్తలేదు.

"ఏటి తల్లీ, తినవేటి?"

"ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు ఫిజిక్స్ చెప్పమని అడుగుతున్నారు బాబాయ్. ఏప్రిల్ నుంచి చేరిపోతానని చెప్పేస్తాను. ఈ పని ఇంక ఇంతేనండి."

"అలగంటావేటి? మెషీన్ బాగై వొచ్చీదాకా ఆగకూడదా?"

"ఎవరు ఆగనిస్తారండి? అయినా బాధ అది కాదు బాబాయ్. పాడైందంటే నమ్మబుద్ధి కావట్లేదు నాకు. మీరు అంత బాగా చేసిన స్టాండు, నేను అంత జాగ్రత్తగా కొలిచిన లెక్క. ఎక్కడో నాకు తెలియని చిన్న సంగతేదో ఉంది. అదేంటో కనుక్కోలేకపోయాననే ఏడుపొస్తోంది." నిజంగానే కళ్ళు తుడుచుకుంది.

గవర్రాజు రంపం ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు చెయ్యి తనంతట అదే జేబులోని గంధం పొట్లం మీదికి పోయింది. ఛ, ఛ, స్వామి చందనం చెడు చేస్తుందా అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు. మళ్ళీ రంపం అందుకున్నాడు గానీ గీత మీద కోత పడలేదు. ముప్పై ఏళ్ళలో ఆయనకు గీత తప్పడం అదే మొదటిసారి.

శుక్రవారం పొద్దున ఇంట్లో మిక్సీకి బొట్టు పెట్టడానికి ఎప్పటిలాగే అరచేతిలో చందనం వేసుకుని, చెంబులోంచి నీళ్ళు వంచుకున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు. మెదపబోతూ ఆగాడు.

దారిలో ఒక్క తడిచుక్క ఉన్నా దాంట్లోనే ఆగిపోతాయి, అంది బిందు.

ఓరి నాయనో! డిష్షు అడుగున చుక్క చెమ్మ లేకుండా తుడిచి తుడిచి, దాని కిందే బాకా మూతికి తడిసిన గంధం ముద్ద అంటించి కూర్చున్నాడు. పెట్టిన రోజు తడి. సోమవారానికి ఎండి ఉత్త చెక్కపొడి. అందుకే శుక్రవారం ఒక లెక్క, సోమవారం ఒక లెక్క! కాపాడింది స్వామీ కాదు, గంధమూ కాదు, తన నాలుగు నీటిచుక్కలు. సూర్యకళ ఫోన్‌లో ఫొటోలు ఎర్రగా వచ్చినప్పుడే తెలియాల్సిన సంగతి ఇది.

అయినా అనుమానం అనుమానమే. ఆ రోజు పలక విప్పాడు, పాత బొట్టు శుభ్రంగా తుడిచాడు, కొత్తది పెట్టకుండానే బిగించాడు. పదకొండింటికి బిందు కేక వినబడింది.

"సార్! ఇవాళ పదింట ఆరు వచ్చిందండి! శుక్రవారం!"

గవర్రాజు కళ్ళు మూసుకుని గోడకి జారబడ్డాడు. పోనీలే, గండం గడిచింది, ఇక పెట్టకపోతే సరి అనుకున్నాడు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. కానీ దేవీప్రసాద్ గారి గొంతు చల్లగా వినబడింది.

"ఒకరోజు తప్పి ఒకరోజు సరిగ్గా రావడం ఇంకా ప్రమాదం బిందూ. ఎందుకు తప్పిందో తెలియకుండా ఈ లెక్కలు ఎవరు నమ్ముతారు? సోమవారం పంపేద్దాం."

ఆదివారం మధ్యాహ్నం సూర్యకళ చేపల పులుసు వడ్డించింది. వంజరం ముక్క పళ్ళెంలో పెడితే గవర్రాజు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి వదిలేశాడు. వంజరం వదిలాడంటే మనిషికి ఏదో పెద్ద కష్టమే వచ్చి ఉండాలని ఆవిడ గరిటె కింద పెట్టేసింది.

"ఏటైనాది మావా? సెప్పు."

తేలు కుట్టిన దొంగలా మూడు రోజులుగా మెసిలినవాడు, ఆ ఒక్క మాటకి మొత్తం చెప్పేశాడు. సూర్యకళ నోటి మీద చెయ్యేసుకుని విన్నది. ముందు నవ్వింది. తర్వాత ఆవిడకీ నవ్వు ఆగిపోయింది.

"సెప్తే ఏటవుద్ది?"

"సారు వొద్దన్న పని సేసినాను. కాంట్రాక్టు ఒగ్గీమంటారు. అది సరేలే. ఆ బిందు గుంట మూణ్ణెల్లు ఏడిసింది నా వల్లే అని తెలుత్తాది. ఇంక నన్ను బాబాయ్ అంటాదా?"

"సెప్పకపోతే?"

గవర్రాజు వంజరం ముక్కని మళ్ళీ అటు తిప్పాడు.

"సెప్పకపోతే ఆ గుంట బతుకే ఎల్లిపోద్ది. నువ్వేమో బాబాయ్ అనిపించుకుంతావు. బాగుంది నీ బాబాయితనం," అని సూర్యకళ పళ్ళెం ముందుకు నెట్టింది. "తిను. తిని రేపు పొద్దున్నే ఎల్లి సెప్పీ."

సోమవారం పదింటికి వ్యాన్ వచ్చి గేటు దగ్గర ఆగింది. చెక్కపెట్టె సిద్ధంగా ఉంది. లోపల స్పాంజి, మూలలకు ఇనప పట్టీలు. ఆచార్యులు కాగితాల మీద సంతకాలు పెడుతున్నారు. బిందు యంత్రం ముందు నిలబడి, ఎవరినో ఊరికి పంపుతున్నట్టు దాన్ని చూస్తోంది. గవర్రాజు పానా పట్టుకుని లోపలికొచ్చాడు. విప్పాల్సినవాడు విప్పకుండా నిలబడ్డాడు.

"సార్, మెషీన్ బాగానే ఉన్నాది. పాడైంది నానే."

దేవీప్రసాద్ గారు తలెత్తారు. గవర్రాజు పలక విప్పి, బాకా మూత మీద లీలగా మిగిలిన పసుపుపచ్చ మరక చూపించాడు. జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు. దసరా దగ్గర్నుంచి బుధవారం పెద్ద బొట్టు దాకా, దేన్నీ తగ్గించకుండా, చేతులు కట్టుకుని చెప్పాడు. చెబుతున్నంతసేపూ బిందు వంక చూడలేకపోయాడు.

ఆచార్యుల ముఖం కందిపోయింది. ఆయన నోరు తెరిచేలోపే బిందు వెళ్ళి పక్క విభాగం నుంచి బలం కొలిచే పరికరం పట్టుకొచ్చింది. సోమవారం కదా, దొరికింది.

"పెట్టండి," అంది.

"ఏటి తల్లీ?"

"బొట్టు. శుక్రవారం ఎలా పెట్టేవారో అలాగే పెట్టండి."

గవర్రాజు గంధం తడిపి బాకా మూత నడుమ పెట్టాడు. పరికరం మీద సూది టపీమని పడిపోయింది. మూడింట ఒక వంతు మాత్రమే పైకి వస్తోంది. బిందు ఆ అంకె రాసుకుంది. పావుగంట ఆగి మళ్ళీ కొలిచింది, మళ్ళీ రాసుకుంది. బొట్టు అంచుల నుంచి ఆరుతున్న కొద్దీ సూది మెల్లమెల్లగా పైకి లేచింది. వ్యాన్ డ్రైవరు విసుగెత్తి హారన్ కొట్టీ కొట్టీ, ఖాళీగా వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఆమె కొలుస్తూనే ఉంది. గవర్రాజుతో ఒక్క మాట మాట్లాడలేదు.

మర్నాడు మాట్లాడింది. "గవర్రాజు గారూ, ఆ తలుపు కాస్త వేస్తారా?" అంది. ఇంకేం, ఆయనకు ఆ రోజు అన్నం సయించలేదు. ఆచార్యులు వంద తిట్లు తిట్టినా పడేవాడు గానీ, ఆ 'గారు'ని మాత్రం మింగలేకపోయాడు. సంచీలో తన సొంత పానాలు, స్క్రూడ్రైవర్లు సర్దుకుని పెట్టుకున్నాడు. పిలుపు వస్తుందని తెలుసు.

బుధవారం వచ్చింది. ఆచార్యుల గదిలో బిందు కూడా కూర్చుని ఉంది. బల్ల మీద ఆ మూడు నెలల కాగితాలు.

"మొన్న కొలిచిన లెక్కతో చూస్తే," అన్నారు దేవీప్రసాద్ గారు, "ఏ రోజు ఎంత తడి ఉందో, ఎంత అడ్డుపడిందో అంతా తేలింది. సోమవారం లెక్కలన్నీ పనికొస్తాయి. ఫిబ్రవరి, మార్చి చాలు, ఈ అమ్మాయి పని పూర్తవుతుంది."

"అప్పన్న సామీ," అన్నాడు గవర్రాజు పైకే.

"ఇక నీ సంగతి." ఆచార్యులు కళ్ళజోడు తీశారు. "వద్దన్న పని చేశావు. కోపం ఇంకా తగ్గలేదు నాకు. అది అలా ఉంచు. ఇప్పుడు అసలు ప్రయోగం మొదలవుతుంది. రోజూ డిష్షు పెడతాం. కొన్నిసార్లు తరంగాలు నిజంగా వెయ్యాలి, కొన్నిసార్లు వేసినట్టు నటించాలి. దీపాలు వెలగాలి, ఫ్యాన్ తిరగాలి, అంతే. ఏ డిష్షుకి నిజం, ఏ డిష్షుకి ఉత్తుత్తి అన్నది కణాలు చూసే బిందుకి తెలియకూడదు. నాకూ తెలియకూడదు. తెలిస్తే మనసు కన్నుకి అబద్ధం చెబుతుంది. ఆ స్విచ్చు తాళమేసిన పెట్టెలో ఉంటుంది. గాజుతీగ అంకె కూడా ఆ పెట్టెలోనే కనబడుతుంది. ఒకే మనిషి తెరవాలి, పుస్తకంలో రాయాలి, ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు. ఈ ల్యాబులో అలాంటివాడి కోసం ఏడాదిగా వెతుకుతున్నాను. ఇక్కడ పొద్దున క్యాంటీన్‌లో ఉప్మా మాడితే మధ్యాహ్నానికి గాజువాక దాకా తెలుస్తుంది."

ఆయన సొరుగులోంచి చిన్న తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు.

"మూడు నెలలు పెళ్ళానికి కూడా చెప్పకుండా రహస్యం దాచినవాడివి నువ్వొక్కడివే. పేరు చెప్పింది నేను కాదు, ఈ అమ్మాయి."

గవర్రాజు బిందు వైపు తిరిగాడు. సోమవారం తర్వాత ఆమె ముఖంలోకి చూడటం అదే మొదలు.

"దాచినందుకు కాదండి," అంది బిందు. "మీ మీద పట్టలేని కోపమొచ్చింది. రెండు రోజులు మాట్లాడలేకపోయాను. కానీ వ్యాన్ గేటు దగ్గరికొచ్చాక కూడా మీరు నోరు మూసుకుని ఉంటే, ఈ జన్మకి ఎవరికీ తెలిసేది కాదు. ఆ బొట్టు ఏంటో మీరు చెప్పారు కాబట్టే నా లెక్క నిలబడింది. ఆ పుస్తకం మీరు రాస్తేనే నాకు నమ్మకం బాబాయ్."

బాబాయ్ అంది. గవర్రాజు తాళంచెవి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు. ఏడ్చాడా అంటే ఏడ్చాడు, అందులో దాపరికమేముంది!

"ఒక్క మాట సార్," అన్నాడు ముక్కు ఎగబీల్చి.

"మళ్ళీ ఏంటి?"

"ఆ పెట్టికి..."

"అనుకున్నాను! సరే, పెట్టుకో. పెట్టె వెనకాల పెట్టుకో."

"ఎనకేటి సార్? ఈపుకి ఎవులైనా బొట్టెడతారేటి?"

బిందు ఫక్కున నవ్వింది. ఆచార్యులు నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగారు. చివరికి రాజీ కుదిరింది. బొట్టు బాకా ఉన్న గదిలో కాదు, పక్క గదిలో గోడకున్న పెట్టె మీద. ఎక్కడ పెడతావంటే గవర్రాజు పెట్టె ముందు కాసేపు నిలబడి చూశాడు. తాళంకప్ప మీద పెట్టాడు. ఏది తెరుస్తుందో, ఏది మూసి ఉంచుతుందో అదే దీని ముఖమన్నాడు. కామరాజు మేస్త్రి ఉంటే కాదనేవాడు కాదు.

ఇప్పుడు ఫిబ్రవరి నడుస్తోంది. రోజూ పొద్దున్నే గవర్రాజు పెట్టె తెరుస్తాడు, స్విచ్చు అటో ఇటో తిప్పుతాడు, అంకె రాస్తాడు, తాళం వేస్తాడు. సూర్యకళ వంజరం పులుసు చేసి మరీ అడిగింది, ఏ డిష్షుకి ఏదని. ముక్కలన్నీ తిన్నాడు గానీ ముక్క కూడా చెప్పలేదు. మొన్న శుక్రవారం బిందు కూడా ఉండబట్టలేకపోయింది. మైక్రోస్కోప్‌లో ఏం చూసిందో ఏమో, పక్క గదికి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది.

"బాబాయ్, ఒక్కటే ఒక్కటి. నిన్నటిది నిజమా, ఉత్తుత్తా? ఎవరికీ చెప్పనండి."

గవర్రాజు పుస్తకం చంకలో పెట్టుకున్నాడు.

"సెప్పాల్సింది దాసినోణ్ణి తల్లీ. ఇప్పుడు దాసాల్సింది సెప్పీమంటావేటి?"

బిందు నవ్వేసి వెళ్ళి కణాల ముందు కూర్చుంది. గవర్రాజు తాళంచెవి జేబులో ఉందో లేదో తడిమి చూసుకుని, డిష్షు అడుగు తుడవడానికి పొడిగుడ్డ తీశాడు.